ఎల్లుండి తేలే దొంగ

ఇన్‌స్పెక్టర్ ఓరితో హత్సుమి జిల్లా ఆఫీసు నుంచి కమినోసె ఊరి పోలీసు స్టేషన్‌కు చేరేసరికే దొంగ దొరికిపోయాడు. సాక్ష్యం కోసం వెతుక్కోవలసిన పని కూడా లేదు. అది అతని మూతి మీదే ఉంది.

"చూసుకోండి," అన్నాడు ఉగాకి తకత్సుగు, సంతలో బేరమాడి తెచ్చిన దూడను ఇంటావిడకు చూపించినట్టు.

బల్ల వెనక లావుపాటి మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. పెదాలు రెండూ ఉబ్బిపోయాయి. పై పెదవి మీద నీటిపొక్కులు చితికి, పసుపుపచ్చగా అట్టకట్టాయి. వేళ్ల సందుల్లోనూ అదే తంతు. పేరు మొమోసె గెంపచి. వస్తువు పోగొట్టుకున్న పూతపని కళాకారుడు కిరిబుచి మాస్టారి ఇంటి పక్కనే, బియ్యంతో కాచే సాకే సారా కొట్టు నడుపుతాడు.

ఉగాకి బీమా కంపెనీ తోక్యో నుంచి పంపిన పరిశోధకుడు. ఈ ఆదివారం పొద్దునే, కబురందగానే దొరికిన మొదటి రైలెక్కి దిగిపోయాడు. చేతులకు తెల్లని తొడుగులు, ఒంటి మీద నలగని సూటు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే గోళ్లు చూసుకోవడం అతని అలవాటు. తొడుగుల్లోంచి గోళ్లెలా కనబడతాయో అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

పోయింది గుప్పిట్లో పట్టే చిన్న డబ్బా. తేయాకు పొడి పోసుకునేది. నల్లని పూత, మూత మీద బంగారు పొడితో దిద్దిన మిణుగురులు. కిరిబుచి సోహెయ్ మాస్టారు రెండేళ్లు దాని పని మీదే కూర్చున్నాడు. వచ్చే నెల తోక్యోలో ప్రదర్శనకు వెళ్లాలి. శనివారం సాయంత్రం ఆఖరి పూత వేసి, ఆరబెట్టే అలమరలో పెట్టి పడుకున్నాడు. తెల్లారి చూస్తే అలమర ఖాళీ.

"ఆ పూత ఏమిటి? ఉరుషి చెట్టు సొన," అన్నాడు ఉగాకి. "పచ్చిగా ఉండగా తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పొద్దున వచ్చీ రాగానే వీధిలో అందరి చేతులూ చూశాను. పొక్కులున్నది ఈయనొక్కడికే. మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు, ఇన్‌స్పెక్టర్ గారూ."

ఓరితో సంచిలోంచి అన్నం ముద్ద తీసి, దాని చుట్టూ ఉన్న సముద్రపు నాచు రేకు సర్ది, ఒక కొరుకు కొరికింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఆకలి మీద ఎవరినీ ప్రశ్నించకూడదని ఆమెకొక నియమం.

"మొమోసెగారూ, ఈ పొక్కులు ఎప్పుడు లేచాయి?"

"ఏ పొక్కులండీ?"

"మీ మూతి మీదవి."

మొమోసె మూతి తడుముకున్నాడు, అది అక్కడ ఉన్నట్టు ఇప్పుడే తెలిసినట్టు. తర్వాత తలుపు వైపు చూశాడు. తర్వాత గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"నేనే తీశాను. రాసేసుకోండి."

ఉగాకి గోళ్లు చూసుకున్నాడు.

"డబ్బా ఎక్కడుంది?" అని ఓరితో అడిగింది.

"సముద్రంలో పారేశాను."

"ఎందుకు?"

మొమోసె ఆలోచించాడు. "నాకు మిణుగురులంటే పడదండి."

ఓరితో ముద్ద పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని అతని పెదవుల దగ్గరగా వంగింది. "ఇవి రాత్రి లేచిన పొక్కులు కావు. లేచి, నీరు పట్టి, చితికి, ఎండుతున్నాయి. మూడు రోజులకు తక్కువ కాదు. ఇంకో సంగతి. డబ్బా ఎత్తుకెళ్లేవాడు డబ్బాని నాకడు. వేళ్లకీ పెదాలకీ తగిలిందంటే అది తినేది. ఏం తిన్నారు?"

మొమోసె వేళ్లు బల్ల కిందికి దాచుకున్నాడు.

"మామిడిపండా?"

మొమోసె రెండు చేతులూ జోడించాడు. "కాస్త మెల్లిగా మాట్లాడమ్మా. ఫుసాఎ బయటే ఉంది."

ఫుసాఎ అతని భార్య. నడవాలో భోజనం క్యారియరు ఒళ్లో పెట్టుకుని, పాపం, కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

కథ గుసగుసల్లో బయటికొచ్చింది. ఫుసాఎ తనకు టీ కాచి వడ్డించే విద్య నేర్పే గురువుగారికి వేసవి కానుకగా ఇవ్వడానికి ఖరీదైన మియజాకి మామిడిపండు ఒకటి తెప్పించింది. పట్టుగుడ్డ పరిచిన పెట్టెలో ఒకే ఒక్క పండు. మంగళవారం మధ్యాహ్నం ఆవిడ దుకాణంలో లేనప్పుడు మొమోసె పెట్టె తెరిచి వాసన చూశాడు. వాసనతో ఆగుదామనే అనుకున్నాడు.

"కత్తి కోసం వెళ్తే వంటింట్లో చప్పుడవుతుందని పళ్లతోనే చీల్చానమ్మా. తొక్క కూడా చీకేశాను."

"మరి పెట్టెలో?"

"బంగాళాదుంప పెట్టాను. బరువు సరిపోయింది."

"ఆ పెట్టె ఇప్పుడెక్కడుంది?"

మొమోసె కళ్లు మూసుకున్నాడు. "నిన్ననే గురువుగారింటికి పంపించింది. అందుకే చెప్తున్నా, దొంగతనమే రాసుకోండి. దానికైతే ఎప్పుడో ఒకప్పుడు విడుదల ఉంటుంది."

ఓరితో ముద్ద మళ్లీ చేతిలోకి తీసుకుంది, నవ్వు కనబడకుండా ఉండడానికి. మామిడి తొక్కలోని సొనా, ఉరుషి సొనా దాయాదులు. ఒకటి పడని ఒంటికి రెండోదీ పడదు. చిన్నప్పటి నుంచీ ఉరుషి పనివాళ్ల పక్కన పెరిగిన మనిషి ఒళ్లు మామిడి తొక్కను చూసి పాత శత్రువే వచ్చాడనుకుంది.

"కట్టుకథ," అన్నాడు ఉగాకి. "శనివారం రాత్రి ముట్టుకున్నాడు, ఆదివారం పొద్దున పొక్కులొచ్చాయి. ఇందులో మామిడిపండెందుకు?"

"అలా రాత్రికి రాత్రి రావు కనుక. మీకెప్పుడైనా రొయ్యలు పడక ఒళ్లంతా దద్దుర్లు లేచినవాళ్లు తెలుసా?"

"తెలుసు. మా మేనేజరు. తిన్న పావుగంటకే."

"అది వేరే జాతి. అక్కడ ఒంట్లోని కాపలావాళ్లు ముందే తుపాకులు గురిపెట్టుకుని ఉంటారు. ఇది అలా కాదు." ఓరితో తన జుట్టు చూపించింది. చెవుల పైన నెరిసిపోయి ఉంది. "మా అక్క కూతురి పెళ్లికి రెండు రోజుల ముందు ఎప్పటిలాగే దీనికి నల్లరంగు వేశాను. ఆ రోజు ఏం కాలేదు. మర్నాడూ బానే ఉంది. పెళ్లినాటి పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే ఆవిరి మీద ఉడికిన రొట్టె కనబడింది. పెళ్లి ఫోటోల్లో తన పక్కన నిలబడింది నేనేనా అని మా బావ ఇప్పటికీ అడుగుతాడు. అప్పుడు చర్మం డాక్టరు చెప్పాడు. రంగులోనూ సొనలోనూ విషమేం లేదట. అది చర్మంలోకి ఇంకి మన మాంసానికే అతుక్కుంటుంది. చర్మంలో కాపలా కాసే కణం అది చూసి, ఇది మనది కాదని చంకలోని గ్రంథి దాకా కబురు మోసుకుపోతుంది. అక్కడ టి కణాలని ఉంటాయి. వాటిలో ఆ ముక్కను పోల్చుకోగలిగింది ఒకటుంటే, అది పిల్లల్ని పెట్టి దండును తయారు చేస్తుంది. ఆ దండు ఒళ్లంతా తిరుగుతూ ఉంటుంది. రెండోసారి అదే సొన తగిలినా, దాన్ని గుర్తుపట్టి, మిగతావాళ్లను కేకేసి, అందరూ ఆ చోటికి చేరేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. చేరాక అవి చేసే రభసే మనకు కనబడే పొక్కులు."

"మన పోలీసుల్లా," అన్నాడు మొమోసె, ఆసక్తిగా వింటూ. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

బల్ల మీద ఫోను మోగింది. ఈ స్టేషన్ చీఫ్ నిరసాకి మోరియో. ఆయనకు జలుబు చేసిందట. పొద్దుటి నుంచీ ఇంట్లో పడుకుని, అరగంటకోసారి ఫోను చేస్తూ స్టేషన్ నడుపుతున్నాడు. ఓరితో అంతా చెప్పి, మొమోసెను వదిలేద్దామంది.

"వీల్లేదు ఓరితో. బీమావాళ్లు దొంగను చూపించారు, మనం లోపల వేశాం. ఇక నువ్వు నీ మామిడిపండ్లు పట్టుకుని జిల్లా ఆఫీసుకి బయల్దేరు."

"సార్, ఒక్కసారి చోరీ జరిగిన చోటు చూసి..."

చీఫ్ ఫోను పెట్టేశాడు.

ఉగాకి గొడుగు తీసుకున్నాడు. "చోరీ జరిగిన చోటా? నేనూ వస్తాను. మీరు ఓడిపోవడం దగ్గరుండి చూడాలి కదా."

*

కిరిబుచి మాస్టారి పనిగది మేడ మీద ఉంది. ఆరబెట్టే అలమర గోడంత పొడుగు. లోపల దేవదారు చెక్కలకు నీళ్లు చిలకరించి, తడిగుడ్డలు వేలాడదీశారు. ఉరుషికి ఎండా గాలీ పనికిరావు, తేమలోనే ఆరుతుంది.

ఓరితో ముందు అలమర ముట్టుకోకుండా చుట్టూ చూసింది. పై అరలో పూర్తయిన గిన్నెలు ఉన్నాయి. దేన్ని తీసుకెళ్లినా మర్నాడే అమ్ముకోవచ్చు. ఒక్కటీ కదల్లేదు.

"పొద్దున మీరు వచ్చేసరికి అలమర తలుపు ఎలా ఉంది, మాస్టారూ?"

"మూసే ఉంది," అన్నాడు ముసలాయన. డెబ్బై ఆరేళ్లు. చేతులు మణికట్టు దాకా నల్లబడిపోయి, గోళ్ల చుట్టూ గోధుమరంగు గీతలు. రాత్రి నుంచీ ఏమీ తిన్నట్టు లేడు.

"దొంగ వెళ్తూ వెళ్తూ తలుపు వేసి వెళ్లాడా?"

"వేయకపోతే దుమ్ము పడుతుంది కదమ్మా."

అని, తను అన్నమాటకు తనే ఆగిపోయాడు. ఓరితో తలూపింది. పచ్చిపూత అలమర తెరిచి పెడితే చెంప పగులుతుందని ఈ ఊరి పిల్లలందరికీ తెలుసు. పరాయి ఊరి దొంగకు ఆ భయం ఎందుకుంటుంది?

తలుపు అంచున, నాలుగు వేళ్ల వెడల్పున నల్లని మరక ఉంది. చారలూ లేవు, వేలిముద్రలూ లేవు.

"దొంగ తొడుగులు వేసుకున్నాడు," అంది ఓరితో. "అయితే చేతుల మీద పొక్కులు రావు. ఆ తొడుగు చెయ్యి తర్వాత దేన్ని ముట్టుకుందో అక్కడొస్తాయి. ఉగాకిగారూ, మీరది..."

ఆలస్యమైంది. ఉగాకి కుడిచేతి తొడుగు తీసి, మరక మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. "పూర్తిగా ఆరలేదు," అన్నాడు. ఘాటుకు కళ్లు చెమర్చాయి. అదే వేలితో కళ్లు నులుముకున్నాడు.

మాస్టారు వెంటనే ఆవనూనె సీసా తెచ్చాడు. "రాసుకో నాయనా, సొన వదులుతుంది. మొహానికీ రాసుకో. ఆలస్యం చేయకు."

"నాకు నూనె వాసన గిట్టదు. మీరెప్పుడూ ముట్టుకుంటూనే ఉన్నారు కదా, మీకేమైంది?"

"మొదటి మూడేళ్లు నా మొహం చూసి కుక్కలు మొరిగేవి. ఆ తర్వాత ఒళ్లే అలిసిపోయి రాజీ పడింది. అందరి ఒళ్లూ అలా రాజీ పడవు." ముసలాయన సీసా మూత బిగించాడు. "డబ్బా ఎవడి దగ్గరుందో గాని, తడి లేనిచోట పెడితే అది ఆరదమ్మా. జిగటగా ఉండిపోయి, దుమ్మంతా పట్టి పాడైపోతుంది. డబ్బు ఇస్తామంటున్నాడు ఈయన. డబ్బు మీద మిణుగురులు వాలతాయా?"

మెట్లు దిగుతూ ఉగాకి అడిగాడు. "సరే, మీ లెక్క ప్రకారం దొంగ మొహం ఎప్పుడు వాస్తుంది?"

"రేపు సాయంత్రం మొదలుకొని ఎల్లుండి లోపు."

"అప్పటిదాకా ఏం చేస్తారు?"

"కూర్చుంటాను. ఈ ఊళ్లో చర్మం డాక్టరు ఒక్కడే. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుని ఉంటాడేమో గాని, ఉరుషి కుట్టిన దొంగ మందు కోసం రాక మానడు."

ఉగాకి నవ్వాడు. "దొంగ తన ఆరోగ్య బీమా కార్డు పట్టుకుని, టోకెను తీసుకుని మీ దగ్గరికి నడిచొస్తాడన్నమాట."

"వరసలో కూర్చుంటాడు కూడా," అంది ఓరితో.

*

మంగళవారం పొద్దున డాక్టర్ అవాజు ఆసుపత్రిలో ఓరితో అల్లికల పత్రిక మూడోసారి తిరగేస్తోంది. సోమవారం సాయంత్రమంతా కూర్చుంటే వచ్చింది కాలి ఆనెలు, చెమటకాయలు, ఒక పిల్లి గీరు. మొమోసె ఇంకా లాకప్పులోనే ఉన్నాడు. జిల్లా ఆఫీసు నుంచి వెనక్కి రమ్మని రెండుసార్లు కబురొచ్చింది. ఇవాళ మధ్యాహ్నం లోపు ఎవరూ రాకపోతే ఆమె లెక్కా ఆమె పరువూ ఒకేసారి పోతాయి.

తలుపు తెరుచుకుంది. నల్లకళ్లద్దాలు, మాస్కు, టోపీ పెట్టుకున్న మనిషి గొడుగుతో నేల తడుముకుంటూ వచ్చాడు.

"ఈ పక్క కుర్చీ ఖాళీయేనా అమ్మా?"

"కూర్చోండి, ఉగాకిగారూ."

గొడుగు ఆగింది. కొంతసేపటికి మనిషి కూర్చున్నాడు. కళ్లద్దాల పక్కనుంచి చూస్తే కనురెప్పలు రేగుపండ్లలా ఉబ్బి, కళ్లు గీతల్లా మిగిలాయి.

"దోమ కుట్టింది," అన్నాడు.

"రెండు కళ్లకీనా?"

"సరే. ఆ మరక వల్లే. ఆదివారం ముట్టుకున్నాను, ఇవాళ వాచింది. మీరు చెప్పినట్టే జరిగింది. కడుపారా నవ్వుకోండి."

ఓరితో నవ్వలేదు. ఆమెకు ఏదో లెక్క కుదరడం లేదు. "ఇంతకుముందు ఎప్పుడైనా ఉరుషి తగిలిందా మీకు?"

"జన్మలో లేదు. తోక్యోలో పుట్టి తోక్యోలో పెరిగాను. ఆ చెట్టు ఎలా ఉంటుందో కూడా తెలీదు."

"మామిడిపండ్లు తింటారా?"

"పండ్లే తినను. చేతులకు జిగురు."

"జుట్టుకు రంగు? ఆ దండు వేరేదే అనుకోండి, ఊరికే అడుగుతున్నా."

"ఇది నా సొంత రంగు. ఎందుకివన్నీ?"

"మరైతే మీ కళ్లు వాయకూడదు కదా. మొదటిసారి తగిలిన ఒంట్లో ఆ దండు ఉండదు. టి కణం ఆ సొన మొహాన్ని నేర్చుకుని, పిల్లల్ని పెట్టి, ఒళ్లంతా సర్దుకునేసరికి పదిరోజులో రెండు వారాలో పడుతుంది. రెండు రోజుల్లో వాచాయంటే మీ ఒంటికి ఉరుషి ఎప్పుడో తెలుసు. మీకు తెలియకపోవచ్చు, దానికి తెలుసు."

ఉగాకి గొడుగు పిడి తిప్పాడు. మళ్లీ మాట్లాడినప్పుడు అతని మాటలో తోక్యో లేదు. వీధి చివర చేపలమ్మే ఆవిడ యాసే అది.

"మా ఇల్లు ఈ ఆసుపత్రికి వెనక మూడో వీధిలో ఉండేది. మా నాయన ఉరుషి పనే చేసేవోడు. పని నుంచి వచ్చి ఎత్తుకుంటే, ఒకటి రెండు రోజుల్లో నా మొహం వాచిపోయేదంట. అందుకని ఎత్తుకోడం మానేశాడు. ఐదో ఏట నన్ను తోక్యోలో మా పెద్దమ్మ దగ్గరికి పంపేశారు. ఊరు పేరు చెప్పుకోడానికేముంది? ఈ ఊరికే నేను పడలేదు." కళ్లద్దాలు తీసి తుడుచుకోబోయి, నొప్పికి ఆగిపోయాడు. "ముప్పై తొమ్మిదేళ్లయింది. నాయన మొహం నాకు సరిగ్గా గుర్తు లేదు. ఈ ఒంటికి మాత్రం ఆయన చేతులు ఇంకా గుర్తున్నాయి."

ఓరితో పత్రిక మూసి పక్కన పెట్టింది. సంచిలోంచి అన్నం ముద్ద తీసి అతని చేతిలో పెట్టింది. అతను మాస్కు దించి, తొడుగులు లేని చేతులతోనే తీసుకున్నాడు.

"నేను దొంగను కానని మీకెలా నమ్మకం?" అన్నాడు, నములుతూ.

"శనివారం రాత్రే ఆ పూత ముట్టుకుని ఉంటే, ఆదివారం మళ్లీ వేలు పెట్టి వాసన చూసేంత తెలివితక్కువవారు కారు మీరు."

"పొగడ్తేనా అది?"

అప్పుడే తలుపు మళ్లీ తెరుచుకుంది. కాలరు పైకెత్తి, మాస్కు కళ్ల దాకా లాగి, కుడి చెవికి తువ్వాలు అడ్డుపెట్టుకున్న పొడుగాటి మనిషి లోపలికొచ్చి, మెల్లగా టోకెను తీసుకున్నాడు. తిరిగి చూసేసరికి ఎదురుగా ఓరితో.

"జలుబు తగ్గిందా సార్?" అంది ఆమె లేచి నిలబడుతూ.

చీఫ్ నిరసాకి తువ్వాలు దించలేదు. "ఇంకా ఇక్కడేం చేస్తున్నావు నువ్వు?"

"ఎవరది?" అన్నాడు ఉగాకి, కనబడక.

"ఈ ఊరి స్టేషన్ చీఫ్ గారు. చెవికేమైంది సార్?"

"కొత్త బ్లేడు. గడ్డం గీసుకుంటుంటే గాటు పడింది."

"చెవి కూడా గీసుకుంటారా?"

ఆయన కోపంగా చెయ్యి ఊపాడు. తువ్వాలు జారింది. చెవి తమ్మె ఎర్రగా ఉబ్బి వేలాడుతోంది. అక్కడి నుంచి దవడ దాకా పొక్కులు. రెండు వేళ్ల వెడల్పు, అరచేయంత పొడుగు, అంచులు గీత గీసినట్టు తిన్నగా. పొక్కులకు అంత తిన్నని అంచులుండవు, వాటిని అంటించిన వస్తువుకు ఉంటే తప్ప.

ఓరితో ఆయన జేబులోంచి సగం బయటికి కనబడుతున్న ఫోను వైపు చూసింది. దాని తొడుగు అంచు వెంట సన్నగా నల్లని జిగురు. పొడిగా ఉన్న జేబులో ఆరకుండా మిగిలిపోయింది. చోరీ రాత్రి సొన అంటిన తొడుగు చేత్తో ఒక్కసారి ఫోను తీసి ఉంటాడు. ఆ తర్వాత రెండు రోజులుగా, మొమోసెను వదలొద్దని ఆర్డరేసిన ప్రతిసారీ, సొనను తన చెవికి తనే అద్దుకున్నాడు. చోరీ జరిగిన ఇంటి గడప ఈయన తొక్కనే లేదు. కనీసం, చోరీ జరిగాక.

ఆమె గొంతు మామూలుగానే ఉంది. "డబ్బా గురించి మాస్టారు తెగ బెంగపెట్టుకున్నాడు సార్. దాని మీద తడిగుడ్డ కప్పకపోతే పూత ఆరదట. చెయ్యి పెడితే చాలు, జన్మంతా మరక ఉండిపోతుందట."

"ఏసీ గదిలో పెట్టినా ఆరదా?" అన్నాడు చీఫ్ నిరసాకి.

ఉగాకి నమలడం ఆపేశాడు. కళ్లు కనబడకపోయినా, మొహం సరిగ్గా ఆ గొంతు వైపే తిప్పాడు.

"ఆరదు సార్," అంది ఓరితో.

చీఫ్ ఆమె వైపు ఒక్క అడుగు వేశాడు. గొంతులో జలుబూ లేదు, కోపమూ లేదు. "నాకూ అలాంటిదొకటి చేసివ్వమని మూడుసార్లు చెయ్యి చాచి అడిగాను ఆ ముసలాణ్ని. వాడకుండా బీరువాలో దాచుకునేవాళ్లకి చెయ్యనన్నాడు. నువ్వు ఏం విన్నావో అది ఎవరూ నమ్మరు ఓరితో. పక్కన ఉన్నది గుడ్డి సాక్షి. జిల్లా ఆఫీసుకి ఒక్క ఫోను చేస్తే, సాయంత్రానికి నీ బ్యాడ్జి నా బల్ల మీదుంటుంది. ఆ సాకే కొట్టువాడు ఎలాగూ ఒప్పేసుకున్నాడు."

జేబులోంచి ఫోను తీశాడు. నంబరు నొక్కాడు. కుడి చెవి మండుతోంది కనుక, ఎడమ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"ఆపండి ఆయన్ని," అన్నాడు ఉగాకి, గొడుగు వెతుక్కుంటూ.

ఓరితో అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"మాట్లాడుకోనివ్వండి," అంది. "ఎల్లుండికి రెండో చెవి కూడా సాక్ష్యం చెబుతుంది."